వెనకబడిన అర్ర

"ఇక మీదట ఈ జిల్లాలో ఏ ఇంట్లో ఏ అర్రా వెనకబడి ఉండదు! ముందటి అర్రకు ఎంత సిగ్నలో చివరి అర్రకూ అంతే సిగ్నల్! ఇది నా మాట కాదు, నా శపథం!"

జిల్లా గృహాంతర్గత వైఫై విస్తరణ మండలి చైర్మన్ వెంకటయ్య గారు తమ బంగళా వరండాలో ఈ చారిత్రక ప్రకటన చేసినప్పుడు వచ్చిన విలేకరుల కంటే మోగిన చప్పట్లు ఎక్కువ. అది శ్రీశైలం పనితనం. శ్రీశైలం చైర్మన్ గారి ఆంతరంగికుడు, ఆయన్ని 'అన్నా' అని పిలిచేవాడు. అన్న ఊపిరి తీసుకోవడానికి ఆగిన చోటల్లా చప్పట్లు కొట్టించడం అతని విద్య. అచ్చంపేటకూ కొల్లాపూర్‌కూ నడుమ ఉన్న ఆ చిన్న పట్నంలో అన్నను అంతగా నమ్మినవాడు మరొకడు లేడు, అన్నతో సహా.

చప్పట్లు ఆగీ ఆగకముందే లోపలి నుంచి చైర్మన్ గారి భార్య లీలమ్మ గొంతు వినిపించింది.

"ముందుగాల మనింట్ల ఎనుక అర్రకు రానియ్యి! పిల్లకు ఇంటర్వ్యూ ఉన్నది, ముందటర్రల ఎప్పుడు జూసినా నీ జనమే. సిగ్నల్ కోసం సెల్లు పట్టుకొని నీళ్ల ట్యాంకి మీదికెక్కి కూసున్నది!"

విలేకరి నదీం ఆ మాట రాసుకోవడం శ్రీశైలం చూశాడు. వెంటనే మిర్చి బజ్జీలు రెండో విడత తెప్పించాడు. నదీం బజ్జీలు తిన్నాడు. వార్తా రాశాడు. 'చైర్మన్ ఇంట్లోనే వెనకబడిన అర్ర' అని మర్నాడు పేపర్లో పెద్ద అక్షరాలతో వచ్చింది.

మరొకరైతే ఖండించేవారు. వెంకటయ్య గారు నాయకులు. పేపరు మడిచి పక్కన పెట్టి, "శ్రీశైలం, పథకం మనింటి నుంచే షురూ జేద్దాం. పైలట్ ప్రాజెక్ట్!" అన్నారు. శ్రీశైలానికి ఒళ్లు గగుర్పొడిచింది.

ఆ బంగళా రైలుబండిలా పొడుగ్గా ఉంటుంది. ముందు హాలు, తర్వాత నడిమి అర్ర, ఆ వెనక వంటిల్లు, చిట్టచివర వెనక అర్ర, అక్కడి నుంచి వెనక సందులోకి ఒక తలుపు. రౌటర్ హాల్లో అద్దాల బీరువాలో, సన్మానాల్లో ఇచ్చిన ఏనుగు బొమ్మల మధ్య ఉంటుంది. దాని పచ్చ దీపాలు మినుకు మినుకుమంటుంటే పని మీద వచ్చిన రైతులు కొందరు చెప్పులు విడిచి దండం కూడా పెట్టేవారు.

చైర్మన్ గారి కూతురు నిహారిక డిగ్రీ పూర్తి చేసి ఉద్యోగాల వేటలో ఉంది. ఆ అమ్మాయి బీరువా ముందు నిలబడి, "బాపూ, గా డబ్బను ఈడికెల్లి తీసి నడిమర్రల పెడితే అయిపాయె" అంది.

ఆ పిల్ల అమాయకత్వానికి శ్రీశైలానికి జాలేసింది.

"బిడ్డా, ఉన్నకాడి నుంచి తీసి లేనికాడ పెట్టుడు అభివృద్ధి గాదు. గది ట్రాన్స్‌ఫర్" అన్నారు వెంకటయ్య గారు ఓపికగా. "రేపు ముందటి అర్రకు అన్యాయం జరిగిందంటే ఎవలు జవాబు చెప్పాలె?"

కాబట్టి సిగ్నల్‌ను సాగదీసే యంత్రం, అంటే ఎక్స్‌టెండర్, తెప్పించారు. దాన్ని పూలదండతో, డప్పులతో బస్టాండు నుంచి ఊరేగించి తెచ్చారు. రిబ్బన్ కత్తిరించాక నిహారిక మళ్లీ నోరు తెరిచింది.

"ఇదన్న నడిమర్రల పెట్టుండ్రి. రౌటర్ పక్కన పెడితే ఏం ఫాయిదా?"

"నడిమర్రల పెడితే ఎవలు జూస్తరమ్మా?" అన్నాడు శ్రీశైలం.

ఎక్స్‌టెండర్ బీరువాలో రౌటర్ పక్కనే కొలువుదీరింది. వెనక అర్రకు సిగ్నల్ రాలేదు. సంకల్పబలం చాలలేదని గ్రహించిన చైర్మన్ గారు ఇంకొకటి తెప్పించారు. ఆ తర్వాత మరొకటి. బీరువా దీపావళి దుకాణంలా వెలిగిపోయింది. ప్రారంభోత్సవ శిలాఫలకాన్ని మాత్రం వెనక అర్ర గోడకే బిగించారు. నిహారిక ట్యాంకి మీదే ఉంది.

అంతలో పిడుగులాంటి కబురు వచ్చింది. పైలట్ ప్రాజెక్టును స్వయంగా చూడటానికి మంత్రి గారు వస్తున్నారట. చైర్మన్ గారికి అన్నం సయించలేదు.

"ఎనుక అర్రల కూసొని ఫోన్ చేస్తనంటే ఎట్లరా? పదవి పోతది గదా!"

అన్న కళ్లలో నీళ్లు చూసి శ్రీశైలం తట్టుకోలేకపోయాడు. పదవి పోతే అన్న ఏమైపోతాడు? అన్న పోతే తను ఏమైపోతాడు? అప్పుడే ఒక ఆలోచన వచ్చింది.

"అన్నా, సిగ్నల్‌ను అర్ర దాక తీస్కపోలేకపోతున్నం. అర్రనే ఇంట్లకెల్లి తీసేస్తే?"

"కూలగొడుదమంటవా?"

"కూలగొట్టుడెందుకు? విడగొడుదం. అంతంత పెద్ద జిల్లాలే విడగొట్టుకున్నం. ఇల్లెంత అన్నా?"

వెంకటయ్య గారు లేచి శ్రీశైలాన్ని కౌగిలించుకున్నారు.

లీలమ్మకు ఈ మాట చెప్పడానికి శ్రీశైలం భయపడ్డాడు. ఆమె మిరపకాయల తొడిమలు తీస్తూ అంతా విన్నది.

"గోడ పక్కా కడ్తరా?"

"పక్కా, వదినా."

"నడుమ తలుపు గిట్ల పెడ్తరా?"

"పెట్టం, వదినా."

"మంచిది."

ఆమె అంత తొందరగా ఒప్పుకోవడమే శ్రీశైలానికి నచ్చలేదు. అయినా మేస్త్రి వచ్చాడు. నడిమి అర్రకూ వంటింటికీ మధ్య ఇటుక గోడ లేచింది. వెనక భాగానికి లీలమ్మ పేరు మీద కొత్త ఇంటి నంబర్ వచ్చింది. చైర్మన్ గారి ఇంట్లో ఇప్పుడు వెనక అర్రే లేదు. 'నూటికి నూరు శాతం విస్తరణ' అని మంత్రి గారికి నివేదిక వెళ్లింది.

విభజన తర్వాత కొన్ని చిక్కులు వచ్చిన మాట వాస్తవం. వంటిల్లు అటువైపు పోయింది. బోరు మోటార్ స్విచ్ కూడా అటే పోయింది. రెండు ఇళ్ల నడుమ నీళ్ల పంపకాల మీద చర్చలు గోడకు అటూ ఇటూ నిలబడి గట్టిగానే సాగాయి. నదిలో లాగే, ఎగువన ఉన్న వెనక ఇల్లు వదిలితేనే దిగువన ఉన్న ముందు ఇంటికి నీళ్లు. పూటపూటా శ్రీశైలం టిఫిన్ డబ్బా పట్టుకుని సందు చుట్టి వెళ్లి, పొరుగింటి నుంచి అన్నకు భోజనం తేవాల్సి వచ్చింది.

ఒక పూట అలా వెళ్లేసరికి లీలమ్మ గుమ్మంలోనే ఆపి నోటి మీద వేలు పెట్టుకుంది. పొయ్యి మీద కుక్కర్ కూతపెట్టకుండా మంట ఆర్పేసింది. ఆమె తన ఇంటికి తనే కొత్త కనెక్షన్ పెట్టించుకుంది. అలమారలో పప్పు డబ్బాల పక్కన చిన్న రౌటర్, దానికెదురుగా ఇస్త్రీ చేసిన చుడీదార్‌లో నిహారిక. కంప్యూటర్‌లో ఎవరికో ఇంగ్లీషులో తడబడకుండా జవాబులు చెబుతోంది. శ్రీశైలం ఖాళీ డబ్బా గుండెలకు అదుముకుని, చప్పుడు చేయకుండా నిలబడ్డాడు. ఎందుకో తెలియదు, ఆ పిల్లకు ఉద్యోగం రావాలని మనసులో మైసమ్మకు మొక్కుకున్నాడు.

వచ్చింది. ఆ రోజు డబ్బాలో సేమియా పాయసం కూడా పెట్టి, "పిల్లకు నౌకరి వచ్చిందని మీ అన్నకు చెప్పు" అంది లీలమ్మ.

అన్న పాయసం తిని నదీంకు ఫోన్ చేశారు. "మన పథకంతోటి వచ్చిన తొలి ఉద్యోగం. రాసుకో."

మంత్రి గారు వచ్చారు. శాలువాలు, దండలు, ఫోటోలు అయ్యాయి. బీరువాలో దీపాలు చూసి మంత్రి గారు మురిసిపోయి జేబులోంచి ఫోన్ తీశారు. "వెంకటయ్యా, ఈడికెల్లే రాజధానికి ఒక వీడియో కాల్ చేద్దాం."

ఫోన్ మీద చక్రం తిరిగింది. తిరుగుతూనే ఉంది. మంత్రి గారి పీఏ బీరువా వెనక్కి వంగి రౌటర్ వైరు పట్టుకుని నడిచాడు. వైరు హాలు దాటింది, నడిమి అర్ర దాటింది, కొత్త గోడ దగ్గరికొచ్చి తెగి వేలాడింది. లైను మొదటి నుంచీ వెనక సందులోని స్తంభం నుంచే వచ్చేది. గోడ కట్టేటప్పుడు మేస్త్రి తాపీ దెబ్బకు తెగిపోయింది. ఆ నాటి నుంచి ముందు ఇంట్లో ఇంటర్నెట్ లేదు. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు. హాలుకొచ్చిన వాళ్లంతా దీపాలు చూసి వెళ్లారు.

శ్రీశైలం సందులోంచి పరుగెత్తాడు. లీలమ్మ జొన్నరొట్టె చరుస్తోంది.

"వదినా, జర పాస్‌వర్డ్!"

"ఎవలకు?"

శ్రీశైలం రొప్పుతూ ఆలోచించాడు. "పక్కింటోళ్లకు."

లీలమ్మ పిండి చేత్తోనే నోరు మూసుకుని నవ్వింది. తర్వాత చెప్పింది.

హాల్లో అందరూ ఎదురుచూస్తున్నారు. "ఏంది పాస్‌వర్డ్? గట్టిగ చెప్పు" అన్నాడు పీఏ.

"గోడ మంచిదే" అన్నాడు శ్రీశైలం తల వంచుకుని. "అంతా కలిపి రాయాలె సార్."

మంత్రి గారి ఫోన్లో రాజధాని తళతళలాడుతూ ప్రత్యక్షమైంది. కాల్ ముగించి మంత్రి గారు గోడ దగ్గరికి వెళ్లి అరచేత్తో తడిమారు.

"ఈ గోడ లేనప్పుడు అవతలి అర్రలకు సిగ్నల్ వచ్చేదా?"

"అక్కడికి అస్సలు రాకుండె సార్" అన్నారు చైర్మన్ గారు. అది నిజం.

"గోడ కట్టినంక?"

"రెండు దిక్కుల ఫుల్లు సార్." అదీ నిజమే.

మంత్రి గారు గోడను వేలితో రెండుసార్లు తట్టి చూశారు. గొప్ప నిర్ణయాలు అలాగే పుడతాయి. ఆ సాయంత్రమే 'ఇంటింటికీ గోడ' పథకం ప్రకటించారు. అమలు బాధ్యత వెంకటయ్య గారిదే.

తొలి గోడకు అచ్చంపేట అవతల, నల్లమల అంచున ఉన్న ఒక చిన్న పెంటను, అంటే చెంచుల గూడేన్ని, ఎంపిక చేశారు. లబ్ధిదారుడి పేరు లింగయ్య. మెడలో దండతో, చేతిలో తాపీతో చైర్మన్ గారు జీపు దిగారు. వెనక ఇటుకల ట్రాక్టర్, కెమెరాతో నదీం, కొబ్బరికాయతో శ్రీశైలం.

లింగయ్య చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "సారూ, మా కాడ సెల్లు టవరే లేదు."

"ముందుగాల గోడ గట్టనియ్యి, పెద్దాయినా" అన్నాడు శ్రీశైలం. "అన్నీ వస్తయి."

లింగయ్య కాసేపు ఇటుకల వైపు, కాసేపు తన ఇంటి వైపు చూశాడు. "మాది ఉన్నదే ఒక్క అర్ర. గోడ యాడ కడ్తరు సారూ?"

వెంకటయ్య గారు తల వంచి గుమ్మంలోంచి లోపలికి చూశారు. ఒక నులక మంచం, ఒక పొయ్యి, నేల మీద కూర్చుని చింతపండు ఒలుస్తున్న లింగయ్య భార్య.

"నడుమ" అన్నారు.

మేస్త్రి దారం పట్టుకుని లోపలికి వచ్చాడు. లింగయ్య భార్య చింతపండంతా గంపలోకి ఎత్తుకుని లేచి, ఏ పక్కన కూర్చోవాలో తెలియక అలాగే నిలబడింది.