ఆశ్చర్యం లేని అర్జీ

ఎవరూ పాఠం చెప్పకుండానే అన్నీ నేర్చేసుకున్న యంత్రాన్ని ప్రజల అర్జీలకు అంకితం చేస్తున్నామని మంత్రిగారు అమలాపురంలో ప్రకటించిన సోమవారమే, బండారులంక విజయకుమారి తన ముప్పైతొమ్మిదో అర్జీ పట్టుకుని వచ్చింది. మురుగు కాలవ పూడిపోయి, నీళ్ళు ఆవిడ మగ్గం గుంటలోకి వస్తున్నాయి. కాళ్ళు పెట్టుకుని నేయాల్సిన గుంట అది. నేత ఆగితే ఇంట్లో పొయ్యి వెలగదు.

ఆపరేటర్ వాణి అర్జీని స్కాన్ చేసింది. తెర మీద ‘సమాచారం: సున్నా’ అని పడింది.

"సున్నా ఏంటండీ? మూడు పేజీలు రాస్తేనూ!"

స్పెషలాఫీసరు సూర్యనారాయణమూర్తిగారు ఓపికగా వివరించారు. వెనకటి ముప్పైఎనిమిది అర్జీలనూ అదే ఓపికతో పక్కన పెట్టిన మనిషాయన.

"పదేళ్ళ అర్జీలన్నీ ఇది తనంతట తనే చదువుకుందమ్మా. ముందే తెలిసిన మాటలో సమాచారం ఉండదు. ఆశ్చర్యం ఎంతో సమాచారం అంత. మీ కాలవ పూడిందంటే ఎవరికమ్మా ఆశ్చర్యం?"

"ఆయ్, ఎవరికీ లేదండి."

"అదీ సైన్సు!"

విజయకుమారికి ఒళ్ళు మండింది, ఏడుపూ వచ్చింది. వాణి మెల్లగా, "ఇదెప్పుడూ చూడనిదేదైనా రాయండి పిన్నిగారూ" అంది.

మరుసటి సోమవారం విజయకుమారి ఒకటే ముక్క రాసింది: ‘కాలవ బాగుచేసేరు. ధన్యవాదాలండి.’ చూడ్డానికొస్తే నీళ్ళు కనబడకపోతాయా అని ఆవిడ ఆశ.

అలాంటి కాగితం పదేళ్ళలో రాలేదు. యంత్రం ఎర్రలైటు వెలిగించి కీచుమని అరిచింది.

"మనం కాలవ తియ్యలేదు కదండీ?" అంది వాణి.

"తియ్యకపోతే ఆవిడ థాంక్సెందుకు చెబుతుందమ్మా?" అని మూర్తిగారు మంత్రిగారికి ఫోన్ చేశారు.

గురువారానికల్లా మంత్రిగారు మూర్తిగారినీ వాణినీ వెంటబెట్టుకుని, పంచె ఎగ్గట్టి, మోకాలి లోతు నీళ్ళలో బండారులంక నడిచి వచ్చారు.

"కాలవెక్కడయ్యా?"

"మనం నిలబడ్డది అందులోనేనండి."

"అబ్బో! ఎంత వెడల్పు చేసేరు!"

విజయకుమారికి శాలువా కప్పారు. ఆవిడ మంత్రిగారిని చెయ్యి పట్టుకు లాగినంత పని చేసి, మగ్గం దగ్గరికి తీసుకెళ్ళింది.

"గుంట చూడండయ్యా. నెల్లాళ్ళయింది నేత ఆగిపోయి. అర్జీ ఇదిగోండి."

మంత్రిగారు దయతో అందుకుని వాణికిచ్చారు. వాణి చేతిలోని ట్యాబు క్షణంలో జవాబిచ్చింది: ‘సమస్య తీరినట్టు అర్జీదారే రాసిచ్చారు. ఇక స్వీకరించబడదు.’

"మరి నీళ్ళండీ?" అంది విజయకుమారి.

మంత్రిగారు గుంటలోకి వంగి చూశారు. నీళ్ళు తేటగా ఉన్నాయని మెచ్చుకుని, కాళ్ళ బురద అందులోనే కడుక్కుని కారెక్కారు.