బాణాలు ఒక్కటీ తగ్గలేదు

ఆ ఉదయం ఫిజిక్స్ మాస్టారి పథకం చాలా చిన్నది. నాలుగేళ్ళుగా వేలాడుతున్న ఉద్యోగం పర్మనెంటు కావాలంటే, పది గంటలకు తనిఖీ అధికారి ముందు ఒక్క పాఠం చెప్పి మెప్పించాలి. విద్యుత్ క్షేత్రం అదిశ రాశా, సదిశ రాశా? అంటే దానికి పరిమాణం ఒక్కటే ఉంటుందా, దిశ కూడా ఉంటుందా? ధనావేశం ఇదీ అని చూపించడానికి క్లాసు మధ్యలో ఎర్ర బకెట్టు బోర్లించాడు. ఆదివారమంతా భార్య చేత కత్తిరింపించిన నలభై అట్టబాణాలను దాని చుట్టూ, మొనలన్నీ బయటికి ఉండేలా నేలకు అంటించి, చాక్‌పీసుల కోసం వెళ్ళాడు.

తిరిగొచ్చేసరికి బకెట్టు ఒక్కటే ఉంది. మాస్టారు అటెండర్ని కేకేశాడు.

"బాణాలేవయ్యా?"

"పెద్దసారుకి దారి తెలియాలి కదండీ, గేటు దాకా అంటించేశాను," అన్నాడు అటెండరు. "అలా తలో దిక్కుకీ పడేస్తే ఎవరికి పనికొస్తాయి చెప్పండి?"

మాస్టారు వరండాలోకి పరుగెత్తాడు. అటెండరు క్లాసు గుమ్మం దగ్గర మొదలుపెట్టి, గేటు వైపు నడుస్తూ, తను నడిచే వైపే మొన పెట్టుకుంటూ పోయాడు. నలభై బాణాలూ బయటికే దారి చూపిస్తున్నాయి.

గేటు దగ్గర అధికారి ముఖం కందగడ్డలా ఉంది. "ఏమిటమ్మా ఇది? అడుగు పెట్టకముందే పొమ్మంటున్నారా?"

హెడ్మిస్ట్రెస్ కంగారులో, "అబ్బే, అది మా ఫిజిక్స్ మాస్టారి పాఠమండీ!" అనేసింది.

"అంటే పొమ్మంటున్నది ఆయనన్నమాట!" అంటూ అధికారి కారు తలుపు తీశాడు. ఈలోగా కిటికీలోంచి చూసిన పిల్లలు, పాఠం బయటే కాబోలనుకుని, పుస్తకాలతో సహా బాణాల వెంటే బిలబిలమంటూ వచ్చి కారు చుట్టూ నిలబడ్డారు. ఇక కారు కదిలే దారి లేదు.

అప్పటికి గేటు దాకా పరుగెత్తుకొచ్చిన మాస్టారు, వెనకే వచ్చిన అటెండరు వైపు తిరిగాడు. "నా కొంప ముంచావు కదయ్యా!"

"నేనేం చేశానండీ? లెక్క పెట్టుకోండి. నలభైకి నలభై! ఒక్కటీ తగ్గలేదు, ఒక్కటీ చిరగలేదు!"

"ఎన్ని ఉంటే ఏం లాభం? ఎటు చూస్తున్నాయో అదీ ముఖ్యం! దిశ తప్పితే అంతా తప్పే!" మాస్టారి గొంతు వీధి చివరిదాకా వినిపించింది.

ముందు నిలబడ్డ అమ్మాయి చటుక్కున చెయ్యెత్తింది. "అయితే విద్యుత్ క్షేత్రం సదిశ రాశేనా, మాస్టారూ?"

"సదిశే తల్లీ, సదిశే!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అర్థమైంది, మాస్టారూ!" అన్నారు పిల్లలంతా.

కారులో సగం కూర్చున్న అధికారి నిర్ఘాంతపోయి కిందికి దిగాడు. "ఇరవై ఏళ్ళుగా తనిఖీలు చేస్తున్నాను. పాఠం కోసం అటెండర్ని, హెడ్మిస్ట్రెస్‌ని, ఆఖరికి నన్ను కూడా వాడుకున్నవాణ్ణి ఇప్పుడే చూస్తున్నాను. భలేవారండీ!"

మాస్టారు గబగబా రెండు చేతులూ జోడించాడు.

లోపలికొచ్చి, క్లాసులో కూర్చుని, ఉద్యోగం పర్మనెంటు చేసే కాగితం మీద సంతకం పెట్టి అధికారి లేచాడు. ఆయనకు దారి చూపడానికి ఎవరూ వెళ్ళనక్కరలేకపోయింది. బాణాలన్నీ సరిగ్గా గేటు వైపే ఉన్నాయి.