చలికాలానికి కరెంటు బండే సరి!

మనిషి కనిపెట్టిన వాహనాలన్నిటిలోకీ గొప్పది ఎలక్ట్రిక్ బైకు. అందులోనూ చలికాలంలో, అందులోనూ తెల్లవారకముందే డ్యూటీకి పోయేవారికి! ఈ మాట కాదన్నవాడు ప్రగతికి శత్రువు. అలాంటివాడితో నేను టీ కూడా తాగను.

మాది ఖమ్మం అంచున ఖానాపురం హవేలి. నా భార్య కళ్యాణి టౌన్లో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. పొద్దున ఆరింటికల్లా డ్యూటీలో ఉండాలి. మా వైపు మొదటి బస్సు వచ్చేది ఏడు దాటాక. షేర్ ఆటో లోపలా వెలుపలా నిండితే తప్ప కదలదు. డిసెంబరు చలిలో అంత పొద్దున్నే ఆటో నిండా జనం ఎక్కడ దొరుకుతారు? రెండుసార్లు ఆలస్యమయ్యేసరికి దవాఖానా మేనేజరు తేల్చి చెప్పేశాడు.

"ఇంకొక్కసారి లేటైతే ఇంట్లనే ఉండమ్మా. నీ జాగల ఇంకొకరిని పెట్టుకుంటం."

కళ్యాణికి దిగులు పట్టుకుంది. మా ఇంట్లో నెల మొదట ఖచ్చితంగా వచ్చే జీతం ఆమెదే. నేను రచయితను కదా! పైగా నాకు బండి నడపడం రాదు. రాయడం ఒక్కటే వచ్చు.

ఆ ఆదివారం నా బావమరిది రవికుమార్ దిగాడు. పాల్వంచలో, కరెంటు తయారయ్యే చోట షిఫ్టు డ్యూటీ అతనిది. అక్క బాధ విని ఫకాలున నవ్వాడు.

"గింత దానికి ఏడుస్తరా? కరెంటు బండి తీస్కో బావా! లైసెన్స్ వద్దు, రిజిస్ట్రేషన్ వద్దు, పెట్రోల్ వద్దు. కరెంటంటవా, మేం తయారు చేస్తనే ఉంటం గద!"

రోజూ డ్యూటీ దిగేటప్పుడు కాస్త కరెంటు టిఫిన్ డబ్బాలో పెట్టి పంపిస్తానన్నంత ధీమాగా అన్నాడు. బంధువుల్లో ఇలాంటివాడు ఒక్కడుంటే చాలు, కుటుంబం బాగుపడుతుంది!

మరి ఏ బండిని ఎంచుకోవాలి? ఈ ప్రశ్నతో చాలామంది బుర్ర పాడుచేసుకుంటారు. షోరూంలో రెండే ఉన్నాయి. ఒకటి ఎర్రది, ఒకటి నీలిది. ఇక ఎంచుకోవడానికి ఏముంది?

అయినా కళ్యాణి ఊరుకోలేదు. చలికి బ్యాటరీ పనిచేస్తుందా అని అడిగింది.

"మనకాడ చలేంది మేడం! నాలుగు దినాలు ఉంటది, పోతది" అన్నాడు సేల్స్‌మన్, స్వెట్టరు మీద మఫ్లరు బిగించుకుంటూ.

"రైలు పట్టాల మీద బ్రిడ్జి ఉంది గదా, ఎక్కుతదా?"

అతను బండిని చూడలేదు. కళ్యాణిని పైనుంచి కిందికి చూశాడు. "మీరు సన్నగనే ఉన్నరు మేడం. ఎక్కుతది."

పాఠకులు ఇది గుర్తుంచుకోవాలి. కరెంటు బండి కొనేటప్పుడు మోటారు శక్తి ఎంతని అడగడం అమాయకత్వం. నడిపేవారు ఎంత చిక్కి ఉన్నారన్నదే ముఖ్యం. మీ ఇంట్లో అందరికన్నా తక్కువ తినేవారెవరో చూసి, వారికోసమే కొనండి.

నీలిది తెచ్చాం. బండి పూజకు గుడి ముందు నిలబెట్టాం. పసుపు, కుంకుమ, బంతిపూల దండ అన్నీ అయ్యాయి. పూజారి చెంచురామయ్యగారు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, "ఇగ పోనియ్యమ్మా" అన్నారు. కళ్యాణి పోనిచ్చింది. బండి గుయ్యిమంది. నిమ్మకాయ దగ్గరకొచ్చి ఆగిపోయింది!

ఇంకోసారి పోనిచ్చింది. ఇంకోసారి ఆగింది. నిమ్మకాయకు కూడా హాని తలపెట్టని వాహనం ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా? చివరికి చెంచురామయ్యగారే చుట్టూ చూసి, కత్తితో నిమ్మకాయలు కోసి, చెక్కలు చక్రాల కింద పరిచి, "అయిపోయింది, శుభం" అన్నారు. ఆయన మొహంలో శుభం మాత్రం కనబడలేదు.

ఇక ఛార్జింగ్. బ్యాటరీ నిండడానికి ఎనిమిది గంటలు కావాలి. మాది పంచాయతీ. టౌనుకు ఒక కోత, మాకు రెండింతల కోత. సాయంత్రం పోతుంది, వస్తుంది, భోజనాల వేళ మళ్లీ పోతుంది, ఆ తర్వాత దాని ఇష్టం. రవికుమార్‌కు ఫోన్ చేశాను.

"ఇన్వర్టర్ ఉంది గద బావా! దానికి పెట్టు" అన్నాడు.

పెట్టాను. ఇన్వర్టర్ బ్యాటరీ తన దగ్గరున్నదంతా బండి బ్యాటరీకి ధారపోసి, అరగంటలో కన్ను మూసింది. ఇల్లంతా చీకటి. తెల్లారి చూస్తే బండి కూడా సగం దారికి సరిపడా నిండలేదు. రెండు బ్యాటరీలు కలిసి ఒకదాన్నొకటి ముంచుకున్నాయి. మనుషులకే పరిమితమనుకున్న ఈ విద్య యంత్రాలకు కూడా అబ్బిందంటే సైన్సు ఎంత ఎదిగిందో చూడండి!

అంతలో భద్రాచలం అడవుల వైపు నుంచి చలిగాలి తిరిగింది. ఆ చలికి బ్యాటరీ మరీ నీరసపడిపోయింది. మళ్లీ రవికుమార్‌కు ఫోన్.

"బ్యాటరీని ఎచ్చగ ఉంచాలె బావా. మీద ఏదన్న కప్పు."

ఇంట్లో ఉన్నది ఒక్క గొంగడి. దాన్ని బండికి కప్పాం. నేను దుప్పటిలో ముడుచుకుని పడుకున్నాను. పెళ్లయిన కొత్తలో అత్తగారింట్లో నాకు కూడా ఇంత మర్యాద జరగలేదు.

ఇన్ని సేవలు చేయించుకుని అది పొద్దున్నే బయలుదేరేది. బ్రిడ్జి మొదట్లోనే ఆగేది. కళ్యాణి దిగి నెట్టేది. పెట్రోలు బళ్ల మీద పోయేవాళ్లు పళ్లు టకటకలాడిస్తూ, వణుకుతూ పోతుంటే, మా ఆవిడ మాత్రం చెమటలు కక్కుతూ పోయేది! చలికాలంలో ప్రయాణానికి ఇంతకన్నా సుఖం ఏముంటుంది?

క్రమంగా ఆమె బండిని ఎక్కడమే మానేసింది. ఐదు కాకముందే లేచి, ఇంటి నుంచి టౌను దాకా నెట్టుకుంటూ నడిచి వెళ్లేది. డ్యూటీకి వేళకు చేరేది.

నడిచే వెళ్లేటప్పుడు బండి ఎందుకంటారా? మీ ఊళ్లో వీధి దీపాలు వెలుగుతాయి కాబట్టి అలా అడుగుతున్నారు. మా రోడ్డుకు స్తంభాలున్నాయి, వాటికి నంబర్లున్నాయి, లైట్లు లేవు. పొగమంచులో చెయ్యి చాపితే చెయ్యి కనబడదు. బండికి మనిషిని మోసే ఓపిక లేకపోయినా, ముందు లైటు మాత్రం వెలుగుతుంది. ఆ లైటు వెంట మరో ఇద్దరు చేరారు. హాస్టల్లో వంట చేసే హేమ్లి, బస్టాండు దగ్గర హోటల్లో రొట్టెలు చేసే గుల్నాజ్. ఒకరోజు కాళ్లు నొప్పి పుట్టి కళ్యాణి బండెక్కబోతే హేమ్లి చెయ్యి పట్టుకుని ఆపిందట.

"ఎక్కకక్కా! నువ్వెక్కితే లైటు సన్నగైతది."

ఈ ముగ్గురినీ వెంటబెట్టుకుని నేను బస్సుల ఆఫీసుకు వెళ్లాను. ఆరింటికి ముందు ఒక్క బస్సు వేయమని అడిగాం. అక్కడి సారు చాలా మర్యాదస్తుడు. కూర్చోమన్నాడు కూడా.

"మొన్న మావోళ్లు పొద్దుగాల మీ దిక్కు వచ్చి చూసిపోయిన్రమ్మా. మీ కాలనీ ఆడోళ్లు బండితోని పోతున్నరట గదా! సొంత బండ్లు వచ్చినంక బస్సు ఖాళీగ తిరగాల్నా?"

"అవ్ సార్, బండితోనే పోతున్నం" అంది కళ్యాణి. "దాన్ని మేమే నెట్టుకుంట పోతున్నం."

"ఏదైతేంది, పోతున్నరు గదా!" అన్నాడు సారు.

సారుకు దండం పెట్టి బయటికొచ్చాం.

తర్వాతి వారం రెండు రోజులు వరసగా కరెంటు సరిగ్గా రాలేదు. రెండో తెల్లవారుజామున బ్రిడ్జి దాటకముందే లైటు ఆరిపోయింది. చీకట్లో గుల్నాజ్ రోడ్డు పక్క కాలువలో పడింది. మడమ వాచిపోయింది. కళ్యాణి ఆమెను బండి మీద కూర్చోబెట్టి, హేమ్లి వెనక నుంచి నెడుతుంటే, తను పనిచేసే దవాఖానాకే తీసుకెళ్లి స్వయంగా కట్టు కట్టింది. అప్పటికి ఆరున్నర దాటింది. మేనేజరు గడియారం చూశాడు.

"పేషెంటును తెచ్చినవ్, మంచిదే. లేటు మాత్రం లేటే గద."

అలా కళ్యాణి ఉద్యోగం పోయింది. ఆమె ఇంటికొచ్చి ఏడ్చింది. నాకు కోపమొచ్చింది, ఎవరి మీద చూపించాలో తెలియక రెండు రోజులు బండికి గొంగడి కప్పలేదు.

మూడో రోజు తెల్లవారకముందే తలుపు చప్పుడైంది. హేమ్లి. ఆమె వెనక కుంటుతూ గుల్నాజ్. "బండి ఇస్తవా అక్కా?" అని అడిగారు. కళ్యాణి స్వెట్టరు వేసుకుని తనే బండి బయటికి తీసింది. ఉద్యోగమే లేనప్పుడు నీకెందుకే ఈ చలిలో అన్నాను.

"నాదెట్లాగూ పోయింది. వాళ్లదన్న నిలవనియ్యుండ్రి" అంది.

కాబట్టి ఆ బస్సుల సారు మాటే నిజం. మా కాలనీకి బస్సు అక్కర్లేదు. మా బండి రోజూ ఆడవాళ్లను వేళకు టౌనుకు చేరుస్తూనే ఉంది, ఒక్కరిని కూడా ఎక్కించుకోకుండా!