నిష్క్రియురాలు కోసిమా

అభివృద్ధి చెందిన దేశాల్లో ఆడవాళ్లు ఎంతమంది ఏ పనీ చేయకుండా ఉన్నారో కొలిచే గురుతర బాధ్యత మా లెచ్చే నగర గణాంక కార్యాలయంలో డాక్టర్ ఒరోన్జో పాల్మిసానో గారిది. ఆయన వైద్యుడు కాడు. ఇటలీలో పట్టా ఉన్న ప్రతివాడూ డాక్టరే. డెన్మార్క్ స్త్రీ ఎంత చురుకైనదో, జపాన్ స్త్రీ ఎక్కడ వెనకబడిందో ఆయనకు కంఠతా వచ్చు. మా దక్షిణ ఇటలీ స్త్రీలు మాత్రం ఏటా ఆయన తలవంపులకు కారణమవుతున్నారు.

ఆ ఏడు సర్వేకు ఇళ్లను లాటరీ తీస్తే ఆయన ఇల్లే వచ్చింది. ఇంకెవరినైనా పంపుదామన్నారు తోటివాళ్లు. శాస్త్రానికి బంధుత్వాలు లేవన్నారు డాక్టర్ గారు. జేబులో తాళంచెవి ఉన్నా, సొంత ఇంటి గంట కొట్టి నిలబడ్డారు.

భార్య కోసిమా సబ్బు చేతులతో తలుపు తీసింది. పక్షవాతం వచ్చి కాళ్లు పడిపోయిన మామగారు దొనాతోకు స్నానం చేయిస్తోంది.

"సిన్యోరా, గత వారం మీరు కనీసం ఒక గంటైనా జీతానికి పనిచేశారా?"

పెళ్లయ్యాక ఆయన ఆమెను 'మీరు' అనడం అదే మొదలు. ఆమెకు ఆ మర్యాద బాగానే ఉంది.

"మీ నాన్నను లేపాను, కడిగాను, తినిపించాను. నీ చొక్కాలు ఇస్త్రీ చేశాను."

"జీతానికి?"

"లేదు."

"పోనీ, ఈ మధ్య పని కోసం వెతికారా?"

"నేను వెతకడమేంటి ఒరోన్జో? అదే నన్ను వెతుక్కుంటూ వస్తుంటే."

"వెతకలేదు," అని రాసుకున్నారు. "ఉద్యోగం దొరికితే రెండు వారాల్లో చేరగలరా?"

"మీ నాన్నను ఎవరైనా చూసుకుంటే రేపే చేరతా."

"షరతులు కుదరవు. చేరలేరు." ఆయన కలం మూసి, మృదువుగా ప్రకటించారు. "మీరు ఆర్థికంగా నిష్క్రియురాలు."

కోసిమా ఎదురింటి వైపు చూసింది. లోపల నీళ్లు చల్లారిపోతున్నాయి.

"ఎదురింటి లుక్రేజియా వాళ్లమ్మను చూసుకునే మనిషి ఉందిగా. ఆవిడో?"

"ఆవిడ జీతం తీసుకుంటుంది. క్రియాశీలి. దేశానికి వెన్నెముక."

ఆ వెన్నెముక వారం తిరక్కుండానే స్వదేశం రుమేనియాకు వెళ్లిపోయింది. సోమవారం పొద్దున కోసిమా జుట్టు ముడేసుకుని, మామగారిని మొగుడికి అప్పగించి, ఎదురింటి తలుపు తట్టి, ఆ ఉద్యోగంలో చేరిపోయింది. ఎవరి తల్లికో స్నానం చేయించడం మొదలుపెట్టగానే ఆమె దేశాభివృద్ధిలో భాగమైంది. సాయంత్రం ఇంటికొచ్చి, కుర్చీలో కూలబడి, చెప్పులు విదిలించి, "ఇవాళ వంటేంటి?" అని అడిగింది. ఆ మాట తన నోటి నుంచి వస్తే ఇంత హాయిగా ఉంటుందని ఆమెకు అంతవరకూ తెలియదు.

"సొంత మనుషులం. మన మధ్య జీతాల గొడవేంటి? ఆ ఉద్యోగం మానెయ్," అన్నాడు ఒరోన్జో.

"ఆ సొంత మనిషే కదా నన్ను నిష్క్రియురాలని రాసుకుపోయాడు."

తండ్రి కోసం మనిషిని పెట్టుకుందామని ఆయన ఊరంతా వాకబు చేశారు. వచ్చినవాళ్లంతా ఆదివారం సెలవు అడిగారు. ఇంటిపనికి ఆదివారం సెలవనే భావన డాక్టర్ గారిని నిర్ఘాంతపరిచింది.

ఇంతలో ఆయన ప్రసంగించాల్సిన అంతర్జాతీయ సదస్సు వచ్చిపడింది. ముసలాయన్ను చక్రాల కుర్చీలో తీసుకెళ్లి, వెనక వరుస పక్కన పెట్టి వేదిక ఎక్కారు.

"మిత్రులారా! మన దేశంలో ఒక మహాశక్తి నిద్రపోతోంది. ఇళ్లల్లో, సోఫాల మీద, లక్షలాది స్త్రీల రూపంలో! దాన్ని మేల్కొల్పడమే..."

"ఒరోన్జో," వెనకనుంచి దొనాతో పిలిచాడు. "అర్జెంటురా."

ప్రతినిధులందరూ తలలు తిప్పారు. మహాశక్తిని అలాగే నిద్రపోనిచ్చి డాక్టర్ గారు వేదిక దిగారు.

మరుగుదొడ్డిలో తండ్రిని పైకెత్తుతుంటే ముసలాయన ఒళ్లు ముడుచుకున్నాడు.

"నీ చేతులు మంచుగడ్డల్లా ఉన్నాయిరా. కోసిమా ముందు చేతులు రుద్దుకుని గానీ నన్ను ముట్టుకోదు."

ఒరోన్జో తండ్రిని మెల్లిగా కూర్చోబెట్టి, అరచేతులు వేడెక్కేదాకా రుద్దుకున్నాడు. ఇన్నేళ్లలో ఆమె చేతుల గురించి తనకు తెలిసింది, అవి చొక్కా గుండీలు ఊడకుండా చూస్తాయన్నదొక్కటే.

తిరిగొచ్చేసరికి హాలు ఖాళీ. మిగతా ప్రసంగం చదివినట్టే భావించి అందరూ భోజనానికి వెళ్లారు.

తండ్రి కోసం ఒంటిపూట పని ఇప్పించమని ఆయన కార్యాలయానికి అర్జీ పెట్టుకున్నారు. ఇంతవరకూ ఏ మగవాడూ అడగలేదు కనుక ఇవ్వడానికి నిబంధన లేదన్నారు. దాంతో ఆయన ముందస్తుగా పదవీ విరమణ చేశారు. ఇప్పుడు దొనాతోకు గోరువెచ్చని చేతులతోనే స్నానమవుతోంది. ఆ కార్యాలయం కొలిచేది ఆడవాళ్లనే కాబట్టి, ఇంట్లో కూర్చున్న డాక్టర్ గారు ఏ లెక్కలోకీ రాలేదు. కోసిమా మాత్రం వచ్చింది. లెచ్చేలో స్త్రీల క్రియాశీలత పెరిగిందనీ, అదంతా పాల్మిసానో గారి ప్రసంగ ప్రభావమేననీ తేల్చి ఆయనకు పతకం ఇచ్చారు. తండ్రిని వదిలి వెళ్లే వీల్లేక ఆయన ఆ సభకు పోలేదు. కోసిమాకు సెలవు దొరకలేదు.

పాఠకమహాశయులు నిశ్చింతగా ఉండవచ్చు, ఇదంతా మీకు దూరదేశపు సంగతి. అయితే ఈ కథను మీరు మధ్యలో లేవకుండా, తీరిగ్గా చివరిదాకా చదవగలిగారంటే, మీ ఇంట్లోనూ ఒక నిష్క్రియురాలు ఉన్నట్టే లెక్క.