రేపల్లె సెంటర్లో రాల్ఫ్ దొరగారు

పదమూడో శతాబ్దపు ఇంగ్లీషు ప్రభువు సర్ రాల్ఫ్ డి మార్విక్ గారి నిలువెత్తు విగ్రహాన్ని రేపల్లె బస్టాండ్ సెంటర్లో ప్రతిష్ఠించి తీరుతామని, దీన్ని ఏ శక్తీ ఆపలేదని, అంతర్జాతీయ వారసత్వ మైత్రీ సంస్థ చైర్మన్ రమేష్ బాబు గారు బాపట్లలో విలేకరుల ముందు ప్రకటించారు. ఆపడానికి ఏ శక్తీ ప్రయత్నించలేదు. అసలు ఆ ప్రభువెవరో ఏ శక్తికీ తెలియదు. విలేకరులు మాత్రం చాలా శ్రద్ధగా రాసుకున్నారు. ఇంకా టిఫిన్ పెట్టలేదు.

చైర్మన్ గారు స్టడీ టూరు మీద ఇంగ్లండు వెళ్లి, మార్విక్ అనే ఊళ్లో టీ తాగి, ఆ ఊరికీ రేపల్లెకీ సోదర బంధం కుదిర్చి వచ్చారు. ఆ ఊరు కట్టించినవాడు రాల్ఫ్ దొరగారు. ఆయన వంశంలో మిగిలిన లేడీ మేబెల్ అనే పెద్దావిడ ఆవిష్కరణకు స్వయంగా వస్తున్నారు. ఇక కావలసిందల్లా దొరగారి జీవిత చరిత్ర. అది రాయడానికి జిల్లా అంతా గాలించి నన్ను పట్టుకున్నారు.

నా పేరు ప్రేమ్ కుమార్. ఉండేది తెనాలి. బాపట్లలో మధ్యయుగాల ఐరోపా చరిత్ర పాఠం చెప్పీ చెప్పీ రిటైరయ్యాను. నా పాఠాల వల్ల తెలివి పెరిగినవాళ్లు నాకు తగల్లేదు గానీ, నిద్ర సరిపోయి ఆరోగ్యం కుదుటపడ్డవాళ్లు మాత్రం ఇప్పటికీ కనిపిస్తే దణ్ణం పెడతారు. అలాంటి నాకు చైర్మన్ గారే ఫోన్ చేశారు.

"మాస్టారూ, దొరల గురించి మీకంటే తెలిసినోడు లేడంటగా?"

"ఏదో, మీ అభిమానమండి."

"మీ అమ్మాయి మన రేపల్లె అవతల హైస్కూల్లో చేస్తందంటగా?"

చరిత్రలో నాకున్న పాండిత్యం అక్కడితో ముగిసింది. నా కూతురు షారోన్ ఆ స్కూల్లో టీచరు. పొద్దున్నే తెనాలిలో రైలెక్కి, రేపల్లెలో దిగి, ఆటో పట్టుకుని పోవాలి. వెళ్లేటప్పటికి దాని పిల్ల లేవదు, తిరిగొచ్చేటప్పటికి పడుకుంటుంది. ఆ పిల్ల తల్లిని ఆదివారం చుట్టం అనుకుంటోంది. మొన్నొక ఆదివారం షారోన్ ఎత్తుకోబోతే కొత్త మనిషిని చూసినట్టు ఏడ్చింది. షారోన్ వంటింట్లోకి పోయి పంపు తిప్పి ఏడ్చింది. నీళ్ల చప్పుడులో వినపడదనుకుంది. నాకు వినపడింది.

"తెనాలికి డెప్యుటేషన్ అంటే ఎంత పని మాస్టారూ? ఒక్క ఫోన్. ఫంక్షన్ కానివ్వండి" అన్నారు చైర్మన్ గారు.

దొరగారి చరిత్ర నిజాయితీగానే మొదలుపెట్టానని మనవి చేసుకుంటున్నాను. పూర్తయ్యాక బాపట్ల గెస్ట్ హౌసులో చదివి వినిపించాను. చైర్మన్ గారు సోఫాలో కాళ్లు ముడుచుకుని కూర్చుని విన్నారు.

"మూడు పెళ్లిళ్లేంటండీ?"

"ఒకరు పోయాక ఒకరండి. ముగ్గురికీ కోటలున్నాయి."

"ఒకటి చాలు. మన దగ్గర లేడీస్ ఓటింగ్ ఎక్కువ."

ఇద్దరు భార్యల్ని కొట్టేశాను.

"తర్వాత ఆయన రాజుగారిని వదిలి తిరుగుబాటుదార్లలో చేరాడండి. వాళ్లు ఓడిపోయేటట్టున్నారని మళ్లీ రాజుగారి దగ్గరికి..."

చైర్మన్ గారు కండువా సర్దుకున్నారు. ఆయన భుజం మీద ఆ రంగు కండువా కొత్తది. అంతకు ముందున్న రంగులు నాకు గుర్తున్నాయి గానీ, ఆ క్షణాన మర్చిపోయాను.

"అట్టా రాయగూడదు మాస్టారూ. నియోజకవర్గ అభివృద్ధి కోసం నిర్ణయం తీసుకున్నారని రాయండి."

"పదమూడో శతాబ్దంలో నియోజకవర్గం అంటే..."

"కోట చుట్టూ ఊళ్లున్నాయా, లేవా?"

"ఉన్నాయండి."

"మరింకేం?"

మరింకేం లేదు. రాశాను. పెద్ద కొడుకు కోట తలుపులు మూసేసి తండ్రిని వానలో నిలబెట్టిన ఘట్టం వచ్చేసరికి ఆయన మొహం మాడిపోయింది. ఈమధ్యే వాళ్లబ్బాయి ఎదుటి పార్టీ ఫ్లెక్సీలో నవ్వుతూ నిలబడ్డాడు. అందుకని "తండ్రి మాట జవదాటని తనయులు" అని ఆయన చెప్పినట్టే రాసుకున్నాను. ఒక్క పూటలో ఏడు వందల ఏళ్ల నాటి కుటుంబాన్ని చక్కదిద్దాను. మా ఇంట్లో మా ఆవిడ రిబ్కాకీ నాకూ మధ్య నిన్నటి గొడవే ఇంకా తేలలేదు.

ఊళ్లో కదలిక మొదలైంది. రేపల్లెలో పెద్ద మనిషి బడే సాహెబ్ గారు పనిగట్టుకుని తెనాలి వచ్చారు.

"మాస్టారూ, ఈయన జెరూసలేం మీదికి కత్తి పట్టుకుని బయల్దేరాడంట గదండీ?"

"బయల్దేరాడండి. దారిలో విరేచనాలు పట్టుకుని వెనక్కొచ్చాడు."

"అయితే మావాళ్లనెవర్నీ కొట్టలా?"

"లేదండి."

"పాపం, మంచోడే" అని టీ తాగి వెళ్లారు. మా చర్చి సంఘ పెద్ద లూకా గారికి వేరే సందేహం.

"దొర మన లూథరనేనా ప్రేమ్ కుమార్ గారూ?"

"మార్టిన్ లూథర్ పుట్టక ముందే పోయాడండి."

"పోతే పోయాడు. మనసులో ఉండి ఉంటది గదా?"

ఉండి ఉంటుందన్నాను. మొత్తానికి అడిగిన ప్రతి ఒక్కరికీ దొరగారు దగ్గర చుట్టమయ్యారు. ఇన్నేళ్ల సర్వీసులో నా సబ్జెక్టు ఇంతమందికి పనికిరావడం ఇదే మొదలు.

విగ్రహం తెనాలిలోనే మనోహర్ అనే శిల్పి షెడ్డులో తయారైంది. అక్కడ తలల్లేని నాయకులు వరసగా నిలబడి ఉన్నారు. ఒకాయన చెయ్యెత్తి, ఇంకొకాయన దారి చూపిస్తూ. అందరికీ పంచె, కండువా. తల ఆర్డరు వచ్చాక తగిలిస్తారు. నేను ఇనుప కవచం బొమ్మ చూపిస్తే మనోహర్ తల గోక్కున్నాడు.

"ఇదంతా చెయ్యాలంటే లేటవుద్దండి. పంచె బాడీ రెడీగా ఉంది. నడుముకి కత్తి అంటిస్తా, సరిపోద్ది. మొహం ఫోటో తెచ్చారా?"

"ఫోటో లేదయ్యా. అప్పటికి కెమెరాలు లేవు."

"పోనీ, ఆధార్ కార్డులోదైనా?"

నేను నోరు తెరిచేలోపు ఆయనే అన్నాడు. "పోన్లెండి, చైర్మన్ గారు పంపిస్తానన్నారు."

ఫంక్షను రోజు రానే వచ్చింది. ముందురోజు సూర్యలంక బీచిలో ఎండకి లేడీ మేబెల్ గారు టమాటాలా ఎర్రబడి, గొడుగు కింద కూర్చున్నారు. నాకు స్టేజీ మీద ఆవిడ పక్క కుర్చీ, అనువాదకుణ్ణి కాబట్టి. ముందు వరసలో రిబ్కా, షారోన్, ఒళ్లో పిల్ల. షారోన్ కొత్త చీర కట్టుకుంది. నేనే కట్టుకోమన్నాను. చైర్మన్ గారి కంట్లో పడితే ఫోన్ సంగతి గుర్తుంటుందని నా ఎత్తు.

గుడ్డ లాగారు. చెయ్యెత్తి, పంచె కట్టి, నడుముకి కత్తితో నిలబడ్డ ఆ మొహాన్ని చూడగానే జనంలోంచి కేక లేచింది.

"జోహార్ పెద్దాయన!"

అది చైర్మన్ గారి కీర్తిశేషులైన తండ్రిగారి మొహం. ఆయన విగ్రహం ఈ సెంటర్లో పెడతామంటే రోడ్డుకి అడ్డమని అధికారులు ఎప్పటినించో ఒప్పుకోవడం లేదు. విదేశీ మైత్రి అనేసరికి ఒప్పుకున్నారు. నా పరిశోధన దేనికి పనికొచ్చిందో అప్పుడు అర్థమైంది. చైర్మన్ గారు కార్యకర్తల వైపు గుడ్లురిమారు. వాళ్లు సర్దుకుని "జోహార్ రాల్ఫ్ పెద్దాయన!" అన్నారు.

లేడీ మేబెల్ గారు మెల్లగా లేచి విగ్రహం దగ్గరికి వెళ్లారు. ఆవిడ చాలాసేపు చూసి, రుమాలుతో కళ్లొత్తుకుని నాతో ఏదో అన్నారు.

"ఏమంటందండీ?" చైర్మన్ గారు నా చెవిలో అడిగారు.

"ఆ ముక్కు అచ్చం వాళ్ల తాతగారిదేనంటున్నారండి."

చైర్మన్ గారు ఒక్క క్షణం ఆలోచించి మైకు లాక్కున్నారు.

"విన్నారా! మా రక్తం ఏ కోట నించి వచ్చిందో ఆ తల్లే చెప్పింది! నా మాట నమ్మకపోతే మాస్టార్ని అడగండి. చరిత్ర మొత్తం ఆయన చేతిలో ఉంది!"

మైకు నా చేతిలో పెట్టారు. షారోన్ నన్నే చూస్తోంది. నిజం చెబితే ఏమవుతుందో దానికీ తెలుసు, నాకూ తెలుసు. పిల్ల అప్పుడే దాని ఒళ్లోంచి రిబ్కా ఒళ్లోకి పాకుతోంది.

"ఆ ముక్కుకి ఏడు వందల ఏళ్ల చరిత్ర ఉంది" అన్నాను.

ఈలలు, పూలు. ఎవరో పాలాభిషేకం మొదలుపెట్టారు. చైర్మన్ గారు నన్ను కావలించుకున్నారు, ఆయన కళ్లలో నిజంగానే నీళ్లు. మళ్లీ మైకందుకున్నారు.

"ఇంతటి పండితుడి రుణం తీర్చుకోవద్దా? రాల్ఫ్ దొరగారి పేరు మీద అధ్యయన కేంద్రం పెడుతున్నాం! ఎక్కడా? మాస్టారి కూతురు షారోన్ గారు పనిచేసే స్కూల్లోనే! దానికి ఇన్‌చార్జి ఆవిడే! అమ్మా, లేచి నిలబడు. ఇట్టాంటి బిడ్డని మన రేపల్లె వదులుకోకూడదు. నేను బతికున్నంత కాలం ఈవిణ్ణి ఇక్కణ్ణించి ఎవడు కదిలిస్తాడో చూస్తా!"

షారోన్ లేచి నిలబడింది. జనం చప్పట్లు కొట్టారు. ఏమన్నారని లేడీ మేబెల్ గారు నన్నడిగారు. మా కుటుంబానికి గొప్ప గౌరవం జరిగిందని అనువదించి, నేనూ చప్పట్లు కొట్టాను. స్టేజీ మీద కూర్చున్నవాణ్ణి, కొట్టకపోతే బాగుండదు కదా.