డెబ్బై నాలుగు రోజుల ముప్పై ఒకటో తేదీ

రేగుమానుపాడులో యలమందయ్యకు ఏప్రిల్ పింఛను అందలేదు, ఎందుకంటే సభ ఏప్రిల్‌ను ఆమోదించలేదు. తప్పు సభది. ఇందులో వాదించడానికేమీ లేదు.

బడ్జెట్ మీద చర్చ మార్చి ముప్పై ఒకటి సాయంత్రానికి ముగియాలి. ముగియలేదు. పింఛనుదారు ఆఫీసుకు రావాలా, ఆఫీసే పింఛనుదారు ఇంటికి పోవాలా అన్న ఒక్క అంశం మీదే ఇంకా నూట తొంభై మంది సభ్యులు మాట్లాడవలసి ఉంది. ఇలాంటప్పుడు సభలోని గోడ గడియారాన్ని ఆపి చర్చ సాగించడం పాత అలవాటు. ఈసారి అధ్యక్షులు గడియారంతో సరిపెట్టక తేదీనే ఆపారు. చర్చ ముగిసేదాకా ముప్పై ఒకటి ముగియదని రూలింగ్ ఇచ్చారు. మర్నాడు సూర్యుడు మామూలుగానే వచ్చాడు. తేదీ మాత్రం ముప్పై ఒకటి.

దేశం రెండు రోజుల్లో అలవాటు పడింది. ఆ రోజు రిటైరు కావలసిన ఉద్యోగులు రోజూ సాయంత్రం శాలువా కప్పించుకుని, తమ గురించి నాలుగు మంచి మాటలు విని, మర్నాడు పొద్దున్నే హాజరుపట్టీలో సంతకానికి వచ్చారు. ఒకటో తేదీన విడుదల కావలసిన ఖైదీలు గుడ్డలు మూటగట్టుకుని కూర్చున్నారు. మామిడికాయలు ముప్పై ఒకటిన ముదిరాయి, ముప్పై ఒకటిన పండాయి, ముప్పై ఒకటిన అయిపోయాయి. రోహిణి ఎండలు వచ్చి వెళ్ళాయి. తొలకరి కూడా మార్చిలోనే పడింది.

యలమందయ్య నాపరాయి గనిలో నలభై ఏళ్ళు రాయి కొట్టాడు. ఆయన భార్య సాంబ్రాజ్యానికి మూత్రపిండాలు చెడిపోయాయి. పెద్దాసుపత్రి డాక్టరు మార్చి రెండో వారంలో ఆమెను చూసి, ఈ నెల దాటదన్నాడు. నెల దాటలేదు. అందువల్ల ఆమె పోలేదు. కాళ్ళ వాపు పెరగలేదు, తగ్గలేదు. ప్రభుత్వ ఆసుపత్రి జబ్బు కనుక అది కూడా ప్రభుత్వ తేదీ ప్రకారమే నడిచింది.

ఈ సంగతి యలమందయ్యకు అయిదో ముప్పై ఒకటిన అర్థమైంది. ఆనాటి నుంచి రోజూ పంచాయతీ ఆఫీసుకు పోయి టీవీ ముందు కూర్చునేవాడు. అక్కడ చర్చ సాగుతున్నదో లేదో చూసుకోవడానికే మొదట వెళ్ళాడు. తర్వాత వినడం మొదలుపెట్టాడు.

అలాంటి మాటలు ఆయన పుట్టి ఎరగడు. ఒక సభ్యుడు ముసలివాళ్ళ ఇంటి గడప ఎత్తు గురించి మూడు రోజులు మాట్లాడాడు. ఇంకొకాయన ఈ బడ్జెట్ వల్ల ఒక ఇంట్లో పులుసు ఎంత పల్చబడుతుందో వివరిస్తూ కన్నీళ్ళు పెట్టుకున్నాడు. ఆయన కళ్ళు తుడుచుకునేదాకా రెండు పక్షాల వాళ్ళూ బల్లలు చరిచారు. మంత్రి లేచి, ఉదాహరణకు ఒక కుటుంబాన్ని తీసుకుందామన్నారు. భర్తకు అరవై ఎనిమిది. భార్యకు జబ్బు. ఇంటికి ఒకటే పింఛను. తూర్పు వాకిలి రేకుల ఇల్లు. ఆ ఇంట్లో ఉప్పుడబ్బా ఏ గూట్లో ఉంటుందో కూడా మంత్రి చెప్పారు.

యలమందయ్య ఇంటికి పోయి చూశాడు. ఉప్పుడబ్బా ఆ గూట్లోనే ఉంది. అంత పెద్దవాళ్ళు ఇంత దూరం తన వంటింట్లోకి వచ్చి చూసి వెళ్ళారన్నమాట. గూటి ముందు చేతులు కట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు.

"ఏంది మావా, దేవుడి గూడనుకున్నావా?" అంది మంచం మీంచి సాంబ్రాజ్యం.

"మన ఉప్పుడబ్బా సంగతి సభలో చెప్పారే."

"నన్ను ఉప్పు తినొద్దన్నారని చెప్పారా?"

"అది చెప్పలా."

"మరేం తెలిసినట్టు వాళ్ళకి?"

ఒకటో తేదీ లేదు కనుక ఊళ్ళో నలభై ఒక్క పింఛన్లూ లేవు. ఒకటో తేదీన తెరవవలసిన రేషన్ షాపు తెరవలేదు. యాభయ్యో ముప్పై ఒకటికి ముసలివాళ్ళు ఒంటిపూట తిండికి దిగారు. అరవయ్యో ముప్పై ఒకటికి గంజికి దిగారు. అప్పుడు సభ నుంచి ఉత్తర్వు వచ్చింది. ఇక చాలని పింఛనుదారులు అందరూ వేలిముద్ర వేస్తే చర్చ ముగిస్తారు. ఒక్కరు మిగిలినా ముగించరు, ఆ ఒక్కరి గొంతు నొక్కడం ప్రజాస్వామ్యం కాదు.

పింఛన్లు పంచే ఉద్యోగి ఏసుపాదం వేలిముద్ర మిషను పట్టుకుని ఇంటింటికీ తిరిగాడు. మిషను ఇళ్ళకు రావడం అదే మొదలు, అదే ఆఖరు. ఒక్క పూటలో నలభై మంది వేశారు. యలమందయ్య వేయలేదు.

డెబ్బై మూడో ముప్పై ఒకటిన ఏసుపాదం పక్కింటి వెంకాయమ్మను వెంటబెట్టుకుని వచ్చాడు. ఆమెది వితంతు పింఛను.

"పెదనాన్నా, దేశం మొత్తం మీద నువ్వొక్కడివే మిగిలావంట. టీవీలో మన ఊరి పేరు చదివారు."

"చదవనీరా. ఇంకా ముప్పై మంది మాట్లాడాల్సినోళ్ళు ఉన్నారుగా. మాట్లాడనీ. బాగా మాట్లాడతన్నారు."

"బాగా మాట్లాడతన్నారంట!" వెంకాయమ్మ అరుగు మీద కూలబడింది. "నీ పెళ్ళాం బతకటానికి ఊరంతా ఎండి చావాల్నా? నా మొగుడు పోయేటప్పుడు ఏ సభోళ్ళు ఆపారయ్యా తారీఖుని?"

యలమందయ్య తల తిప్పి ఇంటి లోపలికి చూశాడు.

ఏసుపాదం గొంతు తగ్గించాడు. "నీలాంటోళ్ళు ఇంకా శానామంది ఉన్నారంట పెదనాన్నా, ఇంట్లో ఇట్టాంటోళ్ళని పెట్టుకోని. నిన్నటితో అందరూ వేశారంట."

యలమందయ్య లోపలికి పోయాడు. సాంబ్రాజ్యం గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"వెంకాయమ్మొదిన పొద్దున్నుంచి ఏమన్నా తిన్నదా?" అని అడిగింది.

"తిన్లా."

"నువ్వు?"

ఆయన దుప్పటి సర్దబోయాడు.

"నేనడిగినప్పుడల్లా తిన్నానని చెప్పావు. అబద్ధం కూడా సరిగ్గా ఆడలేవు, మొహాన కనపడిద్ది," అంది ఆమె. "ఎయ్యి మావా. పెళ్ళయిన కొత్తలో కూడా నువ్వు ఇన్నాళ్ళు నా కాడ లేవు. చూసింది చాల్లే."

"ఇంకో నాలుగు రోజులు చూద్దాంలేవే."

"నాలుగయినాక ఇంకో నాలుగంటావు. నాకు తెలీదా నువ్వు?"

మర్నాడు పొద్దున ఏసుపాదం అరుగు మీద మిషను పెట్టాడు. రాయి కొట్టి కొట్టి యలమందయ్య వేళ్ళ మీద గీతలు అరిగిపోయాయి. మూడేళ్ళుగా ప్రతి నెలా పింఛనుకు ఆయన బొటనవేలు ఇరవై సార్లు పెట్టినా ఆ మిషను పట్టేది కాదు. నూనె రాసి, తుడిచి, ఉమ్మితో తడిపి, మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టేవాళ్ళు. రెండు నెలలు అసలు పట్టలేదు, ఆ రెండు నెలలూ పింఛను లేదు. ఈ పూట కూడా పట్టదని ఆయన నమ్మకం. ఆ నమ్మకంతోనే వేలు పెట్టాడు.

మొదటిసారికే పట్టింది. పచ్చదీపం వెలిగింది. కృతజ్ఞతలు అని మిషను ఆడగొంతుతో చెప్పింది.

ఆ సాయంత్రమే చర్చ ముగిసింది. సభ్యులు లేచి నిలబడి, ఇంత గొప్ప చర్చ ప్రపంచంలో ఎక్కడా జరగలేదని ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. అది నిజమే. పింఛనుదారే ఆఫీసుకు రావాలని తీర్మానించారు. ముందునుంచీ ఉన్న పద్ధతి కూడా అదే.

తెల్లవారింది. ఏప్రిల్ ఒకటి. సాంబ్రాజ్యం లేదు. డాక్టరు చెప్పినదానికి ఒక్కరోజు కూడా తేడా రాలేదు. ఊరు ఊరంతా పింఛను వరుసలోనో రేషన్ వరుసలోనో ఉండడం వల్ల పాడె మోయడానికి మధ్యాహ్నం దాకా మనుషులు దొరకలేదు. పింఛను వరుసలో లేనివాళ్ళకు ఆ నెల పింఛను లేదు కనుక యలమందయ్యకు ఏప్రిల్‌ది కూడా పోయింది. మరణ ధ్రువపత్రం కోసం ఆయన చెప్పిన డెబ్బై నాలుగు రోజులను గుమాస్తా ఒప్పుకోలేదు. మార్చి ముప్పై ఒకటి తర్వాత ఏప్రిల్ ఒకటి, మధ్యలో రోజులు ఉండవు అన్నాడు. క్యాలెండరు తీసి చూపించాడు. ఉండవు.

పది రోజుల తర్వాత ఏసుపాదం ఒక కాగితం తెచ్చాడు. చర్చ వల్ల కుటుంబాల మీద పడిన ప్రభావాన్ని సభ తెలుసుకోదలచింది. కాగితంలో రెండు గళ్ళున్నాయి. పడింది, పడలేదు.

"పెదనాన్నా, ఏమనుకోబాక. నీ నోటితో చెప్పాలంట."

"చెప్పను."

"అట్టా అంటే ఎట్టా? దానికి గడి లేదు."

"ఈ పూటే కాదురా, ఇంకెప్పుడూ చెప్పను. నీకూ చెప్పను, సభకూ చెప్పను. ఈ మాట నా గడపలో ఇంకెత్తబాక."

ఏసుపాదం కాగితం వెనకనున్న నిబంధనలు చదివాడు. జవాబు ఇవ్వనివారిని ప్రభావం పడనివారిగా భావించాలని ఉంది. ఊళ్ళో మిగతా నలభై ఇళ్ళూ అప్పటికే ఆ గడిలో ఉన్నాయి. నలభై ఒకటోది కూడా అందులోనే టిక్కు పెట్టాడు.

యలమందయ్య అది చూశాడు. ఏమీ అనలేదు. ఆ తర్వాత కూడా ఎప్పుడూ అనలేదు.