పుట్టబోయేవాళ్ల చేపల సొమ్ము

"ఉమ్మడి సంపదను ఇష్టం వచ్చినట్టు తోడుకుని తినే హక్కు ఏ తరానికీ లేదు."

ఈ మాటలు పార్లమెంటులో పుట్టినవి కావు. మా వంటింట్లో, పొద్దున్న కాఫీ దగ్గర, మా ఆయన టోర్గేర్ నోట వెలువడ్డాయి. ఉమ్మడి సంపద అంటే మేకపాల చీజ్ దిమ్మ. దాన్ని నేను ఎప్పుడూ నడుమనే గీకుతానట. అందువల్ల అది రెండు కొసలా ఎత్తుగా, మధ్యలో లోతుగా, స్కీ వేసుకుని జారే కొండవాలులా తయారవుతోందట. మా నార్వేలో విడాకులకు ఈ ఒక్క కారణం చాలదు గాని, పెళ్లికి ముందు వాకబు చేసుకోదగ్గ విషయమే.

"ముందువాళ్లు మెత్తనిదంతా తినేస్తే, తర్వాతివాళ్లకు గట్టి అంచులేగా మిగిలేది?" అన్నాడు.

"తర్వాతివాడివి నువ్వే. రేపట్నించి నాకంటే ముందు లే."

"నేను సూత్రం మాట్లాడుతున్నాను, రాగ్నా."

"నేను చీజ్ మాట్లాడుతున్నాను."

ఆయన సూత్రాల మనిషి. మా మునిసిపాలిటీలో చేప నిధి సంఘానికి అధ్యక్షుడు కూడా. మా ఊరి ముందున్న సముద్రంలో కంపెనీలు వలల గూళ్లు దించి సాల్మన్ చేపలు పెంచుతాయి. నీళ్లు అందరివీ కాబట్టి, అందుకు సర్కారుకు కట్టే అనుమతుల సొమ్ములో మా ఊరికీ వాటా వస్తుంది. చేపలు బలిశాయి, వాటితోపాటు నిధీ బలిసింది. దాన్నిప్పుడు ఏం చెయ్యాలన్న ప్రశ్న వచ్చింది. టోర్గేర్ జవాబు సులువైనది: ఏమీ చెయ్యకూడదు. అసలు ముట్టుకోకూడదు, అది పుట్టబోయేవాళ్లది. మరి వడ్డీ? అది అసలుకు పుట్టిన బిడ్డ. తల్లీబిడ్డల్ని విడదీసే పాపం మా మునిసిపాలిటీ చెయ్యదు. కనుక వడ్డీ కూడా నిధిలోకే వెళ్లింది.

ఊరు ఇలా నానాటికీ సంపన్నమవుతూ ఉండగా, వృద్ధాశ్రమం వంటగది నడపడానికి డబ్బు లేకుండా పోయింది.

మా అత్తగారు అస్లౌగ్ ఉండేది ఆ ఆశ్రమంలోనే. మామగారు పోయాక ఆవిడకు తిండి సహించక బట్టలు ఒంటిమీద వేలాడేవి. అక్కడి వంటావిడ యోరున్ చేపల సూపే ఆవిణ్ణి మళ్లీ మనిషిని చేసింది. సూపు కుండ దించే వేళకు, రోజంతా నోరు విప్పని ముసలివాళ్లు కూడా చెంచాలు పట్టుకుని పక్కవాళ్లతో తగువు వేసుకునేవారు. ఇకమీదట వంటగది మూసేసి, పట్నంలో వండి చల్లార్చిన డబ్బాలు తెప్పిస్తారట. వేడిచేసుకుని తినడమే తరువాయి.

ఆ నిర్ణయం చెప్పడానికి సభ పెట్టారు. అత్తగారు చక్రాల నడకబండి తోసుకుంటూ వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

"ఒరేయ్ టోర్గేర్, ఆ చేపల డబ్బుతో వంటగది నడపకూడదట్రా?"

"అమ్మా, ఇక్కడ నన్ను అధ్యక్షా అనాలి."

"సరే, అధ్యక్షా. బతికున్నవాళ్లకి ఆకలేస్తుంది."

"అది భావితరాల సొమ్ము."

"వాళ్లు రాగానే వాళ్లకి పెడతావా?"

"ఎలా పెడతాం? వచ్చేశాక వాళ్లు ఇప్పటి తరమైపోతారు కదమ్మా."

సభ చప్పట్లు కొట్టింది. అత్తగారు కూడా నెమ్మదిగా తల ఊపారు.

వంటగదికి బదులు శనివారాల్లో శ్రమదానం చేద్దామన్నారు. ఊళ్లోవాళ్లు వంతులవారీగా సూపు కాచి పోస్తారన్నమాట. మా దేశంలో దేవుడు లేడని చెప్పొచ్చు, రాజు అక్కర్లేదని చెప్పొచ్చు. శ్రమదానానికి రానని మాత్రం చెప్పి బతకలేం. మొదటి వంతుకు నా పేరు వేదిక మీంచి మా ఆయనే చదివాడు.

"నువ్వూ వస్తావుగా?" అన్నాను దారిలో.

"నాకెక్కడ కుదురుతుంది? నిధిని కాపాడాలి."

"ఎవర్నించి?"

"ఇదిగో, ఇలా అడిగేవాళ్ల నుంచే."

సూపు కుండ కోసం చందా పోగుచేయడానికి వీధిలో వాఫుల్స్, అంటే గళ్లగళ్ల తీపి అట్లు, వేసి అమ్మాం. నిధి సంఘం సభ్యులందరూ వచ్చి, జాము దండిగా వేయించుకుని తిని, సమాజమంటే ఇదీ అని మెచ్చుకున్నారు. ఉద్యోగం పోయిన యోరున్ కూడా శ్రమదానానికి వచ్చింది. జీతానికి కాచిన సూపునే ఇప్పుడు ఉచితంగా కాచింది.

మిగతా రోజుల్లో డబ్బాలే. అత్తగారు ఒకసారి నాకు మూత తీసి చూపించారు. బూడిదరంగు చేప ఉండలు.

"మన చేపేనే," అన్నారు. "పట్నం వెళ్లొచ్చి మనల్ని గుర్తుపట్టడం లేదు."

ఆవిడ స్వెటరు భుజాల దగ్గర మళ్లీ వదులైంది.

ఆ ఆదివారం ఆవిణ్ణి భోజనానికి తీసుకొచ్చాం. గొర్రెమాంసం, ఉడికించిన బంగాళాదుంపలు. టోర్గేర్ మంచి ముక్క ఏరి తల్లికి వడ్డించి, గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, కొండమీద నీ సెలవుల ఇల్లు, ఆ క్యాబిన్ సంగతి. ఇప్పుడే నా పేర రాసేస్తే ఈ వేసవిలో ఆవిరిస్నానం గది కట్టిస్తాను. నాకూ అరవై వస్తున్నాయి. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు అనుభవిస్తాను?"

"నేనూ అదే చెబుదామని వచ్చాను," అన్నారు అత్తగారు. "లాయరమ్మాయితో మాట్లాడాను. అది నీకివ్వడం లేదు. పుట్టబోయే మునిమనవలకి నిధిగా పెడుతున్నాను."

"మరి నేను?"

"నువ్వు పుట్టేశావుగా, నాయనా."

బంగాళాదుంప ఫోర్కు మీదే ఆగిపోయింది.

"ఖాళీగా పడుంటే పాడైపోదూ?"

"ఖాళీ ఎందుకు? యాత్రికులకి అద్దెకిస్తాను. అసలు ముట్టుకోను. అద్దెతో యోరున్‌ని జీతానికి పెట్టుకుని రోజూ సూపు కాయించుకుంటాం."

"అమ్మా," అన్నాడు టోర్గేర్. ఆయన గొంతులో అంత నిజమైన బాధ నేను ఏ సభలోనూ వినలేదు. "భావితరాలు సరే. బతికున్నవాళ్ల అవసరాలు కూడా కాస్త చూడాలి కదా?"

"ఈ మాట రేపు మీ సంఘం సభలో అను. ఆ తర్వాత క్యాబిన్ సంగతి మాట్లాడుకుందాం."

ఆయన చాలాసేపు నమిలాడు. తర్వాత నాప్కిన్‌తో మూతి తుడుచుకుని, కుర్చీలో నిటారుగా కూర్చుని ప్రకటించాడు:

"భావితరాల నుంచి ఇంతవరకు ఎటువంటి అభ్యంతరమూ అందనందున, వృద్ధాశ్రమం వంటగదిని నిధి సొమ్ముతో తిరిగి తెరిచి యథాప్రకారం నడపవలసిందిగా సంఘం సిఫార్సు చేయడమైనది."